నూటికి నూటనలభై

నూరు రూపాయలు ఇద్దరికి పంచమంటే సిద్దిపేట కూరగాయల మార్కెట్‌లో ఏ అవ్వైనా చెరి యాభై చేతిలో పెడుతుంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ పంచితే చెరి డెబ్బై వస్తుంది. నమ్మకం కుదరకపోతే 2018 నాటి యూజీసీ నిబంధనల వెనకాల ఉన్న అనుబంధం తిరగేయండి. ఇద్దరు కలిసి పరిశోధన వ్యాసం రాస్తే ఒక్కొక్కరికి నూటికి డెబ్బై. అంతకంటే ఎక్కువమంది రాస్తే ముఖ్య రచయితకు డెబ్బై, మిగతావాళ్లకు తలా ముప్పై. అంటే ఇద్దరైతే మొత్తం నూటనలభై, ముగ్గురైతే నూటముప్పై, నలుగురైతే నూటఅరవై. మూడో మనిషి రాగానే తగ్గి, నాలుగో మనిషి రాగానే పెరిగే ఈ లెక్కను కనిపెట్టినవాడికి ఇంతవరకు ఒక్క పతకమూ ఇవ్వకపోవడం దేశానికి అప్రతిష్ఠ.

ఇదేదో దానధర్మం అనుకునేరు. సైన్సు వ్యాసానికి యూజీసీ కట్టిన వెల 8 మార్కులు. గది తలుపులు వేసుకుని, ఎవరికీ అక్కర్లేని ఒక సిద్ధాంతానికి ఎవరూ అడగని మరో పొడిగింపు రాసిన లెక్కల మాస్టారుకు ఎనిమిదికి ఎనిమిదీ దక్కుతాయి. అదే మాస్టారు డాక్టర్లతో కలిసి, పల్లెల్లో డెంగీ ఎటునుంచి ఎటు పాకుతుందో సమీకరణాలు రాశాడనుకోండి. వ్యాసంలో మొదటి పేరు డాక్టరుది, మధ్యలో ఎక్కడో ఈయనది. ఎనిమిదిలో ముప్పై శాతం, 2.4. ప్రొఫెసర్ పోస్టుకు కావలసిన రీసెర్చ్ స్కోరు 120. ఒక్క వ్యాసాలతోనే నింపాలంటే ఒంటరిగాడికి 15 చాలు, నలుగురితో కలిసేవాడికి 50 కావాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పేరు మీద వచ్చే అదనపు మార్కుల సంగతి వేరు. ఇంకో తమాషా చూడండి. జాతీయ సెమినార్‌లో పేపర్ చదివితే 3 మార్కులు. పక్క వీధి కాలేజీకి స్కూటర్ మీద వెళ్లి, పది నిమిషాలు మాట్లాడి, భోజనం చేసి వచ్చినవాడు, రెండేళ్లు డాక్టర్ల వెంట వార్డుల్లో తిరిగినవాడికంటే 0.6 మార్కు పైన ఉంటాడు.

మరోపక్క 2020 నాటి జాతీయ విద్యా విధానం, చదువుల మధ్య గోడలు కూల్చండని పేజీలకు పేజీలు ఉపదేశించింది. ఇంటర్‌డిసిప్లినరీ, మల్టీడిసిప్లినరీ అన్న మాటలు లేకుండా ఇప్పుడు ఏ కాలేజీ బ్రోచరూ అచ్చు కాదు. గోడలు కూల్చమన్నది నిజమే. కూల్చినవాడి స్కోరులోంచి ఇటుకల ఖర్చు పట్టుకుంటామన్న ముక్క మాత్రం అనుబంధంలో ఉంది.

ఆ గోడకు మొదటి ఇటుక మనిషి పదిహేనో ఏట పడుతుంది. పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. "పిల్లగానికి ఎంపీసీనా, బైపీసీనా?" అక్కడితో తెలుగుజాతి రెండుగా చీలుతుంది. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లను పెళ్లిళ్లలో పలకరిస్తారు గానీ జాతి లెక్కల్లో కలపరు. ఎంపీసీ తీసుకున్నవాడికి ఆ రోజు నుంచి ప్రాణమున్నదేదీ సిలబస్‌లో ఉండదు. బైపీసీ తీసుకున్న పిల్ల లెక్కల పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసి, పీడ విరగడైందని కొమురవెల్లి మల్లన్నకు కొబ్బరికాయ కొడుతుంది. ఆ తర్వాత వాడు ఘాతీయ వృద్ధి సమీకరణం కళ్లు మూసుకుని సాధిస్తాడు, పెరిగేది ఏమిటో వాడికి అనవసరం. ఈమెకు బ్యాక్టీరియా పేర్లన్నీ నోటికి వచ్చు, అది ఎంతసేపటికి రెట్టింపవుతుందో లెక్క కట్టమంటే మాత్రం అది తన గ్రూపు కాదంటుంది. ఇద్దరి మధ్యా రెండేళ్ల ఇంటర్మీడియట్, ఆపైన ఒక జీవితకాలం.

శ్రీనివాస రామానుజన్‌ను తలుచుకోండి. ఆయన పుట్టినరోజు డిసెంబర్ 22న ప్రతి కాలేజీలోనూ ఫొటోకు దండ పడుతుంది, ముగ్గుల్లో 1729 వేస్తారు. కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఎఫ్.ఎ. పరీక్ష తప్పిన కుర్రాడు ఆయన. అక్కడ ఆయనకు కొరకరాని కొయ్యగా నిలిచిన పాఠం ఫిజియాలజీ. అన్ని సబ్జెక్టులూ పాసైతేనే లెక్కలు చదవనిస్తామన్న ఆ కాలపు చాదస్తాన్ని మనం తిట్టుకుని, ఒక్క సబ్జెక్టు వచ్చినవాడికి రెండోది చూడనివ్వని చాదస్తాన్ని కట్టుకున్నాం.

ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఒక అప్లైడ్ మ్యాథమెటిక్స్ సారు ఉన్నాడనుకుందాం. లేనిదాన్ని 'అనుకుందాం' అని మొదలుపెట్టే హక్కు లెక్కలవాళ్లకు ఎప్పటినుంచో ఉంది, దాన్నే నేనూ వాడుకుంటున్నాను. ఈ సారుకు జిల్లా చేసిపెట్టిన ఏర్పాటు చూస్తే కేంబ్రిడ్జి వాళ్లు కుళ్లుకోవాలి. 2016 అక్టోబర్ 11న పాత మెదక్ నుంచి విడదీసి, కరీంనగర్, వరంగల్ ముక్కలు కొన్ని కలిపి జిల్లా చేశారు. 2018లో సిద్దిపేటకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ములుగులో కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యానవన విశ్వవిద్యాలయం ఉంది, అక్కడే అటవీ కళాశాల. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్, అటు మల్లన్నసాగర్, మర్కూక్ వైపు కొండపోచమ్మసాగర్. గొల్లభామ చీరల మగ్గాల మీద ఆ బొమ్మ పోగు పోగునా లెక్కతోనే నడుస్తుంది. రోగం, తోట, అడవి, నీళ్లు, నేత, అన్నీ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. అప్లైడ్ మ్యాథమెటిక్స్ అప్లై కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

అప్లై అవుతోంది కూడా. ఎట్లా అంటారా? కాలేజీలో ఏ లెక్కైనా లెక్కల సారే చూడాలన్నది సృష్టి ధర్మం. జూన్ వస్తే టైమ్‌టేబుల్. తొమ్మిది మంది లెక్చరర్లు, అందులో సగం గెస్టులు, ఆరు గదులు, ఒక గదికి ఫ్యాన్ లేదు. ఇది ఆపరేషన్స్ రీసెర్చ్‌లో నిజంగానే కఠినమైన సమస్య, దాన్ని ఆయన పెన్సిల్, రబ్బరుతో సాధిస్తాడు, ఏ జర్నల్‌కూ పంపడు. ఆ వెంటనే దోస్త్ అడ్మిషన్ల కోసం ఊరూరా తిరిగి కరపత్రాలు పంచడం. 'నాక్' బృందం వస్తుందంటే ఐదేళ్ల హాజరు, ఫలితాలు, మొక్కల సంఖ్య పట్టికలకెక్కించడం. ఎన్నికలొస్తే పోలింగ్ డ్యూటీ. ఆ డ్యూటీకి సిబ్బందిని కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తుంది, దాన్ని కలెక్టరేట్‌లో 'ర్యాండమైజేషన్' అంటారు. ఏళ్ల తరబడి బోధించిన సంభావ్యతా సిద్ధాంతం ఆయనకు ఎదురుపడే సందర్భం అదొక్కటే. ఎదురుపడిన ప్రతిసారీ ఆయన పేరే వస్తుంది.

మధ్యలో డేటా సైన్స్ వచ్చింది. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ డేటా సైన్స్ పెట్టారు, ప్రిన్సిపాల్ సారును పిలిచి, "మీకు లెక్కలొస్తయి గద, గదే ఇది" అన్నాడు. ఐదు రోజుల ఆన్‌లైన్ శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఆరో రోజు క్లాసు. ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లలో సగం పనిచేయవు. పనిచేసేవాటిలో డేటా లేదు. పాఠం మాత్రం ఆగలేదు. సారు బోర్డు మీద కంప్యూటర్ బొమ్మ వేసి చెప్పాడు.

ఒక సాయంత్రం ఈ సారింటికి థీసిస్ రాస్తున్న ఓ యువ డాక్టరమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. పదేళ్ల కింద మల్లన్నకు కొబ్బరికాయ కొట్టిన పిల్లే అనుకోండి.

"సార్, నూట ఇరవై మంది పేషెంట్ల డేటా ఉన్నది. పీ వాల్యూ జర 0.05 కంటే తక్కువ వచ్చేటట్టు చూడుండ్రి."

"నేను చూస్తే వచ్చేది కాదమ్మా అది. డేటాల ఉంటే వస్తది, లేకుంటే రాదు."

"అట్లనకుండ్రి సార్. మా సీనియర్‌కు హైదరాబాద్‌ల ఒకాయన తెచ్చిచ్చిండు."

సారు కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ చూశాడు. "ఈ నూట ఇరవై మందిని ఎట్ల ఎంచుకున్నవు?"

"ఎంచుకునుడేంది సార్? ఓపీకి వచ్చినోళ్లను వచ్చినట్టు రాసుకున్న."

"మరి రానోళ్లు?"

డాక్టరమ్మ నవ్వింది. పెద్దాయన ఏదో హాస్యమాడాడని మర్యాదకు నవ్వింది. ఆస్పత్రికి బస్సెక్కి రాగలిగినవాళ్ల రోగాన్ని జిల్లా రోగమని రాస్తే ఏమవుతుందో చెప్పడానికి సారుకు అరగంట పట్టింది. విని ఆమె నిజంగానే ఆలోచనలో పడింది. తెలివైన పిల్ల, ఇంటర్లో ఎవరైనా చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో పట్టేసేది. చివరికి, "మంచిగ చెప్పిన్రు సార్, కానీ సబ్మిషన్ సోమవారం" అంది. సోమవారం నాటికి పీ వాల్యూ ఎక్కడినుంచో 0.04 వచ్చింది. సారు దగ్గరినుంచి మాత్రం కాదు.

ఇక ఈ సారు ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, తెలుగువాళ్లలో ఇంటర్‌డిసిప్లినరీ పనికి శిఖరం అనదగ్గ మనిషిని ఆ ఇంటర్వ్యూ బోర్డు ముందు నిలబెడదాం. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. 1920లో హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ బడులు తిరిగి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో మొదటి స్థానం తెచ్చుకున్నాడు. పరిశోధన స్కాలర్‌షిప్‌కు పెట్టిన దరఖాస్తు ఆలస్యమైందని తోసిపుచ్చారు. మన ఆఫీసులు కాలంతో పాటు మారవన్న ధైర్యం ఈ ఒక్క ముక్కతో వస్తుంది. సైన్యంలో సర్వే విభాగానికి గణితవేత్త కావాలంటే ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లాడు, ఆ ఉద్యోగమూ రాలేదు. ఊళ్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఒకటుందని విని చూడబోయాడు. 1941 జనవరి 1న అందులో చేరాడు.

బోర్డులో ఐదుగురు. టేబుల్ మీద జీడిపప్పు, నీళ్ల సీసాలు.

"రావుగారూ, మీకు రెండు ఎమ్మేలు. ఒకటి మ్యాథ్స్, ఇంకోటి స్టాటిస్టిక్స్. మా పోస్టు మ్యాథ్స్‌ది. ఏదో ఒకటి చెప్పండి."

"మీ పీహెచ్‌డీ 1948 కేంబ్రిడ్జి. బాగుంది. గైడ్ ఎవరు? ఫిషరా? ఆయన జెనెటిక్స్ ప్రొఫెసర్ కదండీ!"

"పొద్దున మ్యూజియంలో ఎముకలు కొలిచారు. ఎక్కడివి? సూడాన్‌లో జెబెల్ మోయా తవ్వకాలవి. సాయంత్రం ఫిషర్ ల్యాబ్‌లో ఎలుకలు, వాటి క్రోమోజోములు. ఇందులో మ్యాథ్స్ ఎక్కడుందండీ? ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారా?"

"ఈ 1945 వ్యాసం కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. స్కోపస్‌లో ఉందా ఆ జర్నల్? పైగా అప్పటికి మీకు పీహెచ్‌డీ లేదు."

నాట్ ఫౌండ్ సూటబుల్. తర్వాతి అభ్యర్థిని పిలవండి.

ఆ 1945 వ్యాసం వెనక కథ చెప్పకుండా ముందుకు పోలేను. కుర్ర రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎమ్మే వాళ్లకు పాఠం చెబుతున్నాడు. పెద్ద శాంపిళ్ల విషయంలో ఫిషర్ తేల్చిన ఒక ఫలితం చెప్పి ముగించబోతుంటే, దాండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే ఇలాంటిది చెప్పలేమా అని అడిగాడు. రావు ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని మర్నాడు క్లాసులో రుజువు చూపించాడు. ఎంత తెలివైన నిష్పాక్షిక పద్ధతి వాడినా చేతిలో ఉన్న డేటా నుంచి కట్టే అంచనాలో పొరపాటు ఇంతకంటే తగ్గదని చెప్పే హద్దు అది. లోకం దాన్ని క్రామర్-రావు హద్దు అంటుంది. గణాంకాలతో పనున్న ప్రతి శాస్త్రంలోనూ దాని పేరు వినిపిస్తుంది. ఆ విద్యార్థి వి.ఎం. దాండేకర్ తర్వాతి కాలంలో దేశపు పేదరికాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్త అయ్యాడు. గురువు ఎముకల దాకా, శిష్యుడు ఆకలి దాకా వెళ్లారు. మధ్యలో ఉన్నది ఒక క్లాసు, ఒక ప్రశ్న. మన సారు క్లాసులోనూ ప్రశ్నలకు కొదవలేదు. "సార్, ఇది సెమిస్టర్‌ల వస్తదా?" అన్న ప్రశ్న ప్రతి గంటకూ కచ్చితంగా ఒకసారి వస్తుంది. రాదని చెబితే కలాలు మూతపడతాయి. వస్తుందని చెబితే తర్వాతి ప్రశ్న, "ఎన్ని మార్కులకు?"

సి.ఆర్. రావు ఇక్కడ రిటైరైనాక అమెరికా వెళ్లి, పిట్స్‌బర్గ్‌లో, పెన్సిల్వేనియా స్టేట్‌లో రెండు దశాబ్దాల పైగా పాఠాలు చెప్పాడు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆ 1945 వ్యాసానికి అంతర్జాతీయ గణాంక పురస్కారం వచ్చింది. అరవై దాటగానే మనిషి మెదడు పనిచేయడం ఆగుతుందని మన సర్వీస్ రూల్సు నమ్ముతాయి. ఆయన మెదడుకు ఆ జీవో కాపీ అందలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఉన్నాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన్ను బోర్డు తెలుగు శాఖకు పంపిస్తుంది, తెలుగు శాఖ లెక్కలకు పంపిస్తుంది, ఆ రెంటి మధ్య వరండాలో ఆయన ఇప్పటికీ నిలబడి ఉంటాడు.

వేరే మల్లన్న దగ్గరికి వద్దాం. ఒక తొట్టిని ఒక గొట్టం ఆరు గంటల్లో నింపును, మరొక గొట్టం ఎనిమిది గంటల్లో ఖాళీ చేయును అన్న లెక్క చేయని తెలుగువాడు లేడు. ఆ తొట్టి ఎవరిది, నీళ్లు ఎందుకు పట్టారు, రెండు గొట్టాలూ ఒకేసారి తెరిచిన మహానుభావుడు ఎవరు అని అడిగినవాడూ లేడు. అడగాల్సిన రోజు సిద్దిపేటకు వచ్చింది. 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్ 2020లో, 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాయి. మేడిగడ్డ దగ్గర గోదావరి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 100 మీటర్లు, కొండపోచమ్మ దగ్గర 618. నీళ్లు మెట్టు మెట్టు మీద మోటార్లతో ఎక్కాలి.

లెక్క వేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, అంటే అన్ని టన్నుల బరువు. ఆ బరువును ఒక్క మీటరు పైకెత్తాలంటే, మోటార్లు చుక్క శక్తి కూడా వృథా చేయవని అనుకున్నా, దాదాపు 77 వేల యూనిట్ల కరెంటు కావాలి. 518 మీటర్లకు నాలుగు కోట్ల యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయలే అనుకుందాం, 20 కోట్లు. టీఎంసీకి పది వేల ఎకరాలన్నది వాడుక లెక్క. అంటే నీరు కొండపోచమ్మ దాకా ఎక్కితే ఎకరానికి ఇరవై వేలు, ఒక్క కరెంటుకే. ఆ ఎకరంలో ఏం పండించాలి, దేనికి గిట్టుతుంది, ఎండకు ఎంత ఆవిరవుతుంది, కాలువలో ఎంత ఇంకుతుంది, ఆ ఇంకినదాంట్లో బోరుబావులకు తిరిగి వచ్చేది ఎంత? ఇప్పటికే ఐదు శాఖలు దాటాం. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి, వాటిని ఏ నిలువు వరుసలో రాయాలన్నది ఆరో శాఖ. నీళ్లొచ్చి చెరువులు నిండితే ఊరికి కలిగే లాభమూ అదే పట్టికలో ఉండాలి. సిద్దిపేటలో కూర్చున్నవాడు ఆ లాభాన్ని కాదనలేడు, వేసవిలో బావుల్లో నీళ్లు కళ్లారా చూశాడు కాబట్టి.

ఇంత పెద్ద లెక్క ఇంటి ముందు పారుతుంటే లెక్కల శాఖను ఎవరైనా అడిగారా? ఒకరికి ఆ ఎత్తిపోతల ప్రాజెక్టు ప్రపంచ వింత, ఇంకొకరికి శతాబ్దపు కుంభకోణం. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో పియర్లు కుంగాయి. ఆ రోజు నుంచి మొదటివారి గొంతు తగ్గిందీ లేదు, రెండోవారు కాగితం తీసిందీ లేదు. వింత అనేవాడికీ, కుంభకోణం అనేవాడికీ సమానంగా చేదైనది పైన వేసిన నాలుగు వరుసల గుణకారం. మన ఎంపీసీ కుర్రాడు దాన్ని పది నిమిషాల్లో చేయగలడు. చేయడు, ఎందుకంటే ఎప్‌సెట్‌లో దానికి నాలుగు ఆప్షన్లు ఇవ్వరు.

లెక్క అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. పాత మెదక్ జిల్లాలోనే, కంది ఐఐటీలో, మతుకుమల్లి విద్యాసాగర్ అనే ఆయన ఉన్నారు. నాన్న ఎం.వి. సుబ్బారావు సంఖ్యాశాస్త్రంలో పేరున్న గణితవేత్త. ఈయన డాక్టరేట్ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో, ఖ్యాతి కంట్రోల్ థియరీలో. బెంగళూరులో రక్షణశాఖ పరిశోధన సంస్థ నడిపారు, హైదరాబాద్‌లో టీసీఎస్‌లో పనిచేశారు, డాలస్ వెళ్లి క్యాన్సర్ జీవశాస్త్రంలోకి దిగారు, 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఏ శాఖవాడో తేల్చలేక మన బోర్డు ఈయనకు టీ కూడా ఇవ్వదు. 2020లో కరోనా లెక్కలకు కేంద్రం వేసిన కమిటీకి ఈయనే అధ్యక్షుడు. ఆ అక్టోబర్‌లో కమిటీ, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరి చివరికల్లా మహమ్మారి అదుపులోకి వస్తుందని చెప్పింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో ప్రతి ఇంటికీ తెలుసు. రెండో అల తీరును ముందే పట్టలేకపోయామని మోడల్ రాసినవాళ్లే బయటికి చెప్పారు. వాళ్లను కడిగేశారు, కడగాల్సిందే. ఏ ఊహల మీద ఆ సంఖ్య నిలబడిందో జనానికి గట్టిగా చెప్పకుండా సంఖ్యను మాత్రం వదిలితే అది జోస్యమే అవుతుంది.

అయితే అదే ఏప్రిల్ 13న ప్లవ నామ సంవత్సర ఉగాది వచ్చింది. పంచాంగ శ్రవణాలు జరిగాయి, ఆదాయ వ్యయాలు పంచారు. రెండో అల మధ్యలో నిలబడి చదివిన ఆ పంచాంగాలను ఏ టీవీ స్టూడియో అయినా మర్నాడు నిలదీసిందా? సంజాయిషీ అడిగిందా? మరుసటి ఉగాదికి అవే శాలువాలు కప్పింది. పొరపాటు ఎంత ఉండొచ్చో ముందే రాసుకుని, తప్పినప్పుడు ఒప్పుకునే విద్యకు ఆ ఏడాది రాజపూజ్యం సున్న, అవమానం ఆరు. పొరపాటే ఎరగని విద్యకు రాజపూజ్యం ఆరు.

ఇన్ని జరిగాక కాలేజీలో జాతీయ సెమినార్ పెట్టకపోతే ఎట్లా? పెట్టారు. ఫ్లెక్సీ మీద 'విజ్ఞాన శాస్త్రాల్లో ఇంటర్‌డిసిప్లినరీ పరిశోధన: సవాళ్లు, అవకాశాలు' అని ఉంది. కింద ఎనిమిది ఫొటోలు. ఎమ్మెల్యేది పెద్దది, ప్రిన్సిపాల్‌ది దానికంటే చిన్నది, రామానుజన్‌ది అన్నిటికంటే చిన్నది. జ్యోతి వెలగడానికి నాలుగు అగ్గిపుల్లలయ్యాయి. వేదిక మీదివాళ్లకు శాలువాలు కప్పడం గంటా పది నిమిషాలు సాగింది, అందులో సమన్వయకర్తకు శాలువా కప్పినవాడికి మళ్లీ సమన్వయకర్త శాలువా కప్పాడు. ముఖ్య అతిథి, శాఖలన్నీ ఒకదానికొకటి చేతులు చాచాలని చెప్పి, వేరే కార్యక్రమం ఉందని వెళ్లిపోయాడు.

టెక్నికల్ సెషన్లు మొదలయ్యాయి. సమయం తక్కువని అన్నీ ఒకే వేళకు పెట్టారు. మ్యాథ్స్ పేపర్లు ఒకటో గదిలో, జువాలజీ, బోటనీ రెండో గదిలో, ఫిజిక్స్ మూడో గదిలో. ఒకరి గదిలోకి ఇంకొకరు వెళ్లకుండా తలుపు దగ్గర ఒక వాలంటీర్. రెండో గదిలో ఎవరో పామాయిల్ తోటల్లో తెగులు గురించి చదువుతున్నారని తెలిసి సారు అటు నడవబోయాడు. ఆ తెగులు వ్యాపించే తీరుకు ఆయన దగ్గర సమీకరణం తయారుగా ఉంది. వాలంటీర్ అమ్మాయి బ్యాడ్జి చూసి, "సార్, మీది ఒకటో రూము. గిందుల కూసుంటే సర్టిఫికెట్‌ల సబ్జెక్టు తప్పు పడ్తది" అంది. సారు ఒకటో గదికే వెళ్లాడు. 3 మార్కులు ఊరికే వస్తాయా?

టీ మాత్రం అందరికీ ఒకేచోట ఇచ్చారు. జువాలజీ మేడమ్, లెక్కల సారు ఒకే లైన్లో, ఉస్మానియా బిస్కెట్ ఒకటి చేతిలో, ఒకటి నోట్లో.

"సార్, పీఆర్సీ ఎంతిస్తరంటరు?"

"ఫిట్‌మెంట్ ఎంత అనుకుందాం చెప్పుండ్రి మేడమ్."

ఆమె ఒక శాతం చెప్పింది. ఈయన ఇంకో శాతం చెప్పాడు. మూల వేతనం, డీఏ, హెచ్ఆర్ఏ, ఆపైన కోసుకునే ఇన్‌కమ్ ట్యాక్సు, బకాయిలు ఎన్ని వాయిదాల్లో వస్తే వడ్డీ రూపంలో ఎంత పోతుందో, బిస్కెట్ అయిపోయేలోగా ఇద్దరూ కాగితం కలం లేకుండా పైసల దాకా తేల్చారు. బైపీసీ మేడమ్ జవాబే కరెక్టు. సారు చక్రవడ్డీ మరిచిపోయాడు.